విజయనగరాన్ని లోపలి నుంచి విరిచిన తగాదా: 1614 వెల్లూరు, 1616 తోపూరు

విజయనగరం ఎప్పుడు పోయింది అని అడిగితే బడిలో చరిత్ర చదువుకున్న ఎవరైనా 1565, తళ్లికోట యుద్ధం అని టకీమని చెప్పేస్తారు. హంపి నాశనమైన మాట నిజమే. కానీ రాజ్యం అప్పుడు పోలేదు. అళియ రామరాయల తమ్ముడు తిరుమలరాయలు పెనుగొండకి వచ్చి అక్కడ మళ్లీ కొలువు పెట్టాడు, ఆ తర్వాత రాజధాని చంద్రగిరికి, అక్కణ్ణుంచి వెల్లూరుకి మారింది, అరవీటి వంశం పేరు మీద ఆ సింహాసనం ఇంకో ఎనభై ఏళ్లు నిలబడింది. మరి ఆ మిగిలిన రాజ్యం ఎలా పోయింది? బీజాపూర్, గోల్కొండ సైన్యాలు వచ్చి ఊడ్చుకుపోయాయి అన్నది సగం జవాబే. గోల్కొండ సైన్యం 1580ల చివర్లో పెనుగొండని కూడా ముట్టడించింది, ఉత్తచేతులతో వెనక్కి వెళ్లింది. 1640ల్లో అదే గోల్కొండని ఎందుకు ఆపలేకపోయారు? మధ్యలో ఏం జరిగింది?

మధ్యలో జరిగింది ఒక వారసత్వ తగాదా. 1614 అక్టోబరులో వెల్లూరులో మొదలై 1616 చివర్లో కావేరి ఒడ్డున తోపూరు దగ్గర పెద్ద యుద్ధం దాకా వెళ్లింది. మన పుస్తకాల్లో దీనికి ఒకట్రెండు వాక్యాలు దొరికితే ఎక్కువ. ఇందులో ముఖ్యమైన వాళ్లలో చాలామంది తెలుగువాళ్లే, మధుర (ఇప్పటి మదురై), తంజావూరు, జింజి నాయకులతో సహా, అయినా మనకి దీని గురించి తెలిసింది తక్కువ. కాస్త ఓపిగ్గా చదివితే పెద్దగా చిక్కేమీ లేదు, పేర్లు మాత్రం ఎక్కువ.

ముందు రాజు గురించి. రెండో వెంకటపతిదేవరాయలు 1586లో గద్దెనెక్కి 28 ఏళ్లు ఏలాడు. తళ్లికోట తర్వాత వచ్చిన రాజుల్లో గట్టివాడంటే ఇతనే. మాట వినని నాయకుల మీదకి ఒకరి తర్వాత ఒకరి మీదకి దండెత్తాడు. మధుర నాయకుడు కప్పం ఎగ్గొడితే సైన్యం పంపాడు. జింజి నాయకుడు తిరగబడితే ఖైదులో పెట్టాడు. వెల్లూరు లింగమనాయకుడు ఎదురు తిరిగితే కోట లాక్కుని దాన్నే రాజధాని చేసుకున్నాడు. ఆ చివరి పనిలో అతనికి అండగా నిలబడ్డవాడు వెలుగోటి యాచమనాయుడు. ఉత్తరమేరూరు దగ్గర లింగమనాయకుడి పక్షాన్ని ఓడించింది అతనే. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, కథంతా ఇతని చుట్టూనే తిరుగుతుంది.

ఇక్కడ రాజ్యం ఎలా నడిచేదో చూడాలి, లేకపోతే తర్వాత జరిగిందేదీ అర్థం కాదు. రాజు భూమిని నాయకులకి పంచి ఇస్తాడు. దానికి బదులుగా నాయకుడు ఏటా కొంత సొమ్ము కట్టాలి, అడిగినప్పుడు ఇంత సైన్యంతో రావాలి. చదవడానికి చక్కగా ఉంది. అసలు సంగతేంటంటే సైనికుడికి జీతం ఇచ్చేది నాయకుడు, రైతు దగ్గర పన్ను వసూలు చేసేదీ నాయకుడే, రాజుకీ ఆ ఊళ్లకీ మధ్య నేరుగా సంబంధం చాలా తక్కువ. నాయకుడికి రాజు మీద ఉన్న విశ్వాసం ఆ మనిషి మీద ఉన్న విశ్వాసమే గానీ సింహాసనం మీద కాదు. రాజు గట్టిగా ఉన్నంతకాలం కప్పం వస్తుంది. రాజు పోయాడంటే ప్రతి నాయకుడూ మొదటి నుంచి లెక్క వేసుకుంటాడు: కొత్తగా వచ్చేవాడికి నేనెందుకు కట్టాలి? మధుర, తంజావూరు, జింజి లాంటి పెద్ద నాయక రాజ్యాల దగ్గరకి వచ్చేసరికి ఈ లెక్క ఇంకా తేలిక. వాళ్లకి సొంత కోటలున్నాయి, సొంత రేవులున్నాయి, పోర్చుగీసువాళ్లతో, డచ్చివాళ్లతో సొంత బేరాలున్నాయి.

పైగా గద్దె ఎవరికి దక్కాలో చెప్పే పక్కా నియమం విజయనగరంలో ఎప్పుడూ సరిగ్గా నిలబడలేదు. పెద్ద కొడుకు, తమ్ముడు, అన్న కొడుకు, అల్లుడు, సేనాపతి, ఎవరికి బలముంటే వాళ్లు వచ్చారు. సాళువ నరసింహుడు అలాగే వచ్చాడు, తుళువ వంశం అలాగే వచ్చింది. 1542లో అచ్యుతరాయలు పోయాక జరిగిన రక్తపాతంలోంచే అళియ రామరాయలు పైకి లేచాడు. కాబట్టి 1614లో కొత్తగా ఏదో పుట్టిందనుకోకూడదు. పాత జబ్బే, కాకపోతే ఈసారి ఒంట్లో శక్తి లేనప్పుడు వచ్చింది.

వెంకటపతికి రాణులు చాలామంది ఉన్నారు గానీ కొడుకుల్లేరు. ఇక్కడే అసలు ముడి పడింది. బలమైన సామంత కుటుంబం గొబ్బూరివారి ఆడపడుచు అయిన రాణి, పోర్చుగీసువాళ్లు బాయమ్మ అని రాశారు, తనకి కొడుకు పుట్టాడని ప్రకటించింది. ఆ పిల్లాడు ఆమె కన్నబిడ్డ కాదని, పుట్టింటి పరివారంలో గర్భంతో ఉన్న ఒక బ్రాహ్మణ స్త్రీ బిడ్డని రహస్యంగా తెచ్చి తన బిడ్డగా చూపించిందని కొలువులో గుసగుసలు. రాజుకీ తెలుసు అంటారు. తెలిసీ ఏమీ అనలేదు. ఉత్సవం చేయించాడు, యువరాజుకి ఇచ్చే చిక్కరాయలు అన్న బిరుదు కూడా ఇచ్చాడు. కానీ ఎప్పుడూ కొడుకులా చూడలేదట, చంద్రగిరి నగరు (రాజభవనం) లోంచి తన అనుమతి లేకుండా బయటికి రానివ్వలేదట. పద్నాలుగో ఏట పెళ్లి మాత్రం చేశాడు, రాణి పుట్టింటివాళ్లు నొచ్చుకోకూడదని.

ఈ వివరాలన్నీ మనకి ఎక్కడివి? మనుయెల్ బరాదాస్ అనే పోర్చుగీసు జెసూట్ (కేథలిక్ మత సంఘం) ఫాదరీ 1616 డిసెంబరులో కొచ్చిన్ నుంచి రాసిన ఉత్తరంలోవి. వెంకటపతి కొలువులో జెసూట్లు చాలా ఏళ్లు ఉన్నారు, వాళ్లు విన్నవీ చూసినవీ అతని దగ్గరికి చేరాయి. అమూల్యమైన ఉత్తరం, అందులో సందేహం లేదు. అయితే ఆ పిల్లాడు రాజు కొడుకు కాదన్న మాట మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించి తీసుకోవాల్సిందే. అవతలి వారసుణ్ణి గద్దెకి దూరం చేయాలంటే "వాడు అసలు రాజు కొడుకే కాదు" అనడం కంటే సులువైన దారి లేదు. ప్రపంచంలో ఎన్ని వారసత్వ యుద్ధాల్లో ఈ మాట వినపడలేదు! నా దృష్టిలో ఆ పిల్లాడి పుట్టుక నిజమా అబద్ధమా అన్నది అసలు సమస్యే కాదు. వెంకటపతి ఇరవై ఎనిమిదేళ్ల పాలనలో ఆ విషయం బహిరంగంగా తేల్చకపోవడం సమస్య. కొడుకంటే కొడుకని నిలబెట్టాలి, కాదంటే బిరుదు ఇవ్వకూడదు. రెండూ చేయలేదు. రాణి మీద ప్రేమో, గొబ్బూరివారి సైన్యం మీద భయమో, ఏదైనా గానీ ఒక పక్షం మొత్తం పద్నాలుగేళ్లకి పైగా "రేపు మనవాడే రాజు" అనుకుంటూ బతికేలా చేశాడు.

రెండో వైపు అన్న కొడుకులు. వెంకటపతి అన్న రామరాజు శ్రీరంగపట్నం నుంచి కన్నడ సీమని ఏలినవాడు. అతనికి ఇద్దరు కొడుకులు, తిరుమల, శ్రీరంగ. పెద్దవాడు తిరుమల శ్రీరంగపట్నాన్ని నిలబెట్టుకోలేకపోయాడు, 1610లో మైసూరు రాజ ఒడయరు దాన్ని తీసేసుకున్నాడు. వెంకటపతి దానికోసం యుద్ధం చేయలేదు సరికదా, రెండేళ్ల తర్వాత ఒడయరుకే దాన్ని రాసిచ్చేశాడు. అంత గట్టి రాజు కూడా చివరి ఏళ్లలో ఎంత అలసిపోయాడో దీన్నిబట్టి తెలుస్తుంది. మిగిలింది చిన్నవాడు శ్రీరంగ. ఇతన్ని రాజు దగ్గరుంచుకుని యువరాజులా పెంచాడు. ఇతనికీ చిక్కరాయలు అనే బిరుదు. అంటే ఒకే కొలువులో ఒకే బిరుదుతో ఇద్దరు.

చావుకి మూడు రోజుల ముందు వెంకటపతి పెద్దలందరినీ పిలిపించాడు. రాణి కొడుకుని కాదు, శ్రీరంగరాయల్ని పిలిచి రాజముద్ర ఉంగరం తీసుకోమన్నాడు. బరాదాస్ ఉత్తరంలో ఈ ఘట్టం చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది. శ్రీరంగ ఆ ముసలాయన కాళ్ల మీద పడి ఏడ్చాడట, నాకొద్దు, మీకిష్టమైన వాళ్లకి ఇవ్వండి అన్నాడట. లేపి కుడిపక్కన కూర్చోబెట్టారు. రాజు చెయ్యి చాపాడు. ఇతను రెండు చేతులూ తలపైకెత్తి నన్ను క్షమించండి అని వేడుకున్నాడు. రాజు ఉంగరాన్ని తన వేలి కొసకి తెచ్చి రెండోసారి అందించాడు. చుట్టూ ఉన్న సేనానులు తీసుకోమని చెబితే, తీసుకుని తలకి ఆనించుకుని, ఏడుస్తూనే వేలికి పెట్టుకున్నాడు. ఆ తర్వాత తన వస్త్రం, చెవికుండే పెద్ద వజ్రం, ముత్యాలు, అన్నీ రాజు ఇతనికే ఇచ్చేశాడు. మూడో రోజు పోయాడు. 67 ఏళ్లు. గంధపు చెక్కల చితి మీద దహనం చేశారు, ముగ్గురు రాణులు ఆ మంటల్లో దూకారు.

శ్రీరంగ రాజయ్యాడు. అతను చేసిన తప్పేంటంటే, తన పట్టు ఇంకా బిగియకముందే కొందరు పెద్ద నాయకులకి కినుక కలిగేలా నడుచుకున్నాడు. కానీ నిజం చెప్పాలంటే అతను ఎంత జాగ్రత్తగా ఉన్నా గొబ్బూరివారు ఊరుకుని ఉండేవాళ్లు కాదు. గొబ్బూరి జగ్గరాయుడు రాణి పుట్టింటివాడు. బరాదాస్ లెక్క ప్రకారం అతని ఆదాయం ఏడాదికి ఆరు లక్షల క్రుజాదోలు (పోర్చుగీసు బంగారు నాణేలు), ఇరవై వేలమందిని యుద్ధానికి దించగలడు. అతనితో చేతులు కలిపిన తిమ్మానాయకుడికి నాలుగు లక్షలు, పన్నెండు వేలమంది. మాకరాజు అనే ఇంకొకడికి రెండు లక్షలు, ఆరు వేలమంది. ఈ అంకెలు కచ్చితమా కాదా అన్నది పక్కన పెట్టినా, ముగ్గురు సామంతులు కలిస్తే రాజు కంటే పెద్ద సైన్యం అవుతుందన్నది ముఖ్యం. ఈ ముగ్గురూ సైన్యంతో వచ్చి కోట తలుపులు మూయించి, శ్రీరంగని భార్యాబిడ్డలతో సహా బంధించి, రాణి కొడుకుకి పట్టం కట్టేశారు. మిగతా నాయకులు ఒక్కొక్కరూ వచ్చి దణ్ణం పెట్టి వెళ్లారు. పాత రాజు ఎవరి చేతిలో ఉంగరం పెట్టాడో కళ్లారా చూసినవాళ్లే.

యాచమనాయుడు రాలేదు. తన సైన్యంతో వెల్లూరు బయటికి వెళ్లిపోయి అక్కణ్ణుంచి పని మొదలుపెట్టాడు. లోపల ఖైదులో ఉన్న కుటుంబంలోంచి ఒక్క మగపిల్లాణ్ణి బయటికి తేగలిగినా చాలు, తన పోరాటానికి ఒక హక్కు ఉంటుంది. ఆ పని చేసిపెట్టినవాడు ఒక చాకలి. రాజకుటుంబం బట్టలు ఉతకడానికి రోజూ లోపలికీ బయటికీ తిరిగేవాడు, పన్నెండేళ్ల రామదేవుణ్ణి బట్టల మూటల మధ్య దాచి కాపలావాళ్ల కళ్లముందే దాటించాడు. శ్రీరంగ రెండో కొడుకు ఇతను. ఆ చాకలి పేరు ఎవరూ రాయలేదు. దక్షిణ దేశంలో తర్వాత పదిహేనేళ్ల రాజ్యాధికారం ఆ మనిషి ధైర్యం మీద ఆధారపడింది, దొరికితే తల పోయేది, అయినా ఇన్ని లక్షల క్రుజాదోలు లెక్కపెట్టిన ఉత్తరంలో అతని పేరుకి చోటు లేకపోయింది. నాకు ఈ కథలో ఎవరి మీదైనా నిండు గౌరవం ఉందంటే అతని మీదే.

తర్వాత శ్రీరంగని తప్పించడానికి సొరంగం తవ్వారు, పట్టుబడ్డాడు. ఇంకోసారి కోట కాపలావాళ్లలోనే ఒకణ్ణి తమవైపు తిప్పుకుని మిగతా కాపలాని మట్టుపెట్టించారు, యాచమనాయుడు చేరేలోపే జగ్గరాయుడికి కబురు అందిపోయింది. ఇక వీళ్లని బతకనిస్తే లాభం లేదనుకున్న జగ్గరాయుడు తన తమ్ముడు చిన్న ఓబరాయుణ్ణి లోపలికి పంపాడు. నీ అంతట నువ్వు చస్తావా, నన్ను పొడవమంటావా అని అడిగాడట. నేను చేసిన నేరం ఏంటని శ్రీరంగ అడిగాడు, జవాబు రాలేదు. భార్యని, బిడ్డల్ని తన కత్తితోనే చంపి, తనూ చనిపోయాడు.

జగ్గరాయుడు తన గొయ్యి తానే తవ్వుకున్నది ఇక్కడే. అప్పటిదాకా నాయకులు గాలి ఎటు వీస్తే అటు అన్నట్టున్నారు, రాజు ఎవరైతే మాకేం అనుకున్నారు. ఈ హత్యల కబురు బయటికి రాగానే జనంలో అసహ్యం పుట్టింది, చాలామంది యాచమనాయుడి వైపు వచ్చారు. వెల్లూరు చుట్టుపక్కల పోరులో జగ్గరాయుడు ఓడిపోయి అడవి దారి పట్టాడు. కథ ఇక్కడితో అయిపోవాల్సింది. కోట కుట్ర, ప్రతీకారం, కొత్త రాజు. అలా ఎందుకు అవలేదు?

ఎందుకంటే దక్షిణాన ఉన్న పెద్ద నాయకులు రంగంలోకి దిగారు. వాళ్లకి వెల్లూరు గద్దె మీద ఎవరు కూర్చుంటే ఏంటి అనిపించవచ్చు. కానీ ఒక్కొక్కరి సంగతీ విడిగా చూస్తే ఎవరికి ఏం కావాలో తెలిసిపోతుంది. మధుర ముత్తు వీరప్ప నాయకుడికి కప్పం కట్టాలన్న బాధ పోవాలి. అతనికి బలమైన రాజు వద్దు. తన బలం లేకుండా గద్దె మీద ఒక్కరోజు కూడా ఉండలేని జగ్గరాయుడు నిలబెట్టిన కుర్రాడైతే ఇంకా మంచిది. అతను దాదాపు ఇదే కాలంలో మధుర నుంచి తిరుచిరాపల్లికి మకాం మార్చాడు, తంజావూరు సరిహద్దు పక్కకి. జింజి కృష్ణప్ప నాయకుడికి పాత పగ ఉంది, వెంకటపతి అతన్ని ఖైదులో పెట్టినవాడు. తంజావూరు కావ్యాలు చెప్పేదాన్నిబట్టి రఘునాథనాయకుడి మాట సాయంతోనే అతను విడుదలయ్యాడు, ఆ కృతజ్ఞతతో కూతుర్నిచ్చి పెళ్లి చేశాడు. అదే రఘునాథుడికి ఎదురుగా ఇప్పుడు యుద్ధానికి వచ్చాడు. మామా అల్లుళ్లు చెరో వైపు.

ఇక తంజావూరు రఘునాథనాయకుడు. తెలుగు సాహిత్యం చదివేవాళ్లకి ఇతను కవిగా, కవుల్ని పోషించినవాడిగా తెలుసు. రామదేవుడి పక్షాన నిలబడ్డ ఏకైక పెద్ద నాయకుడు ఇతనే. రాజభక్తి అని కావ్యాలు పొగుడుతాయి, ఉండి ఉండొచ్చు కూడా, తంజావూరు నాయకులు మొదటి నుంచీ విజయనగర రాజులకి చుట్టాలు. కానీ పటం తీసి చూడండి. తంజావూరుకి ఉత్తరాన జింజి, పడమర దక్షిణాల్లో మధుర. ఆ రెండూ కలిసి గెలిస్తే తర్వాత వంతు ఎవరిది? వెల్లూరులో తనకి రుణపడి ఉండే రాజు ఉండటం రఘునాథుడికి ప్రాణావసరం. విశ్వాసం, స్వార్థం రెండూ ఒకే వైపు చూపించాయి, అందుకే అంత గట్టిగా నిలబడ్డాడు.

ఈ రకం కల్లోలాల్లో మనం సాధారణంగా పొరబడేది ఇక్కడే. ప్రాంతాలు తిరగబడ్డాయి అనగానే ఏదో ఒకే కోపం, ఒకే కారణం వెతుకుతాం. 1614 నుంచి 1616 దాకా జరిగింది చూస్తే వారసత్వ తగాదా ఒక గొడుగు మాత్రమే, దాని కింద పాత పగలు, కప్పం బకాయిలు, సరిహద్దు పేచీలు అన్నీ వచ్చి చేరాయి. ఎవరి తగాదా వాళ్లదే, జెండా మాత్రం రాజుగారి పేరు మీద. అందుకే రాణి కొడుకు పక్షం వెల్లూరులో ఓడినా యుద్ధం ఆగలేదు. ఓడింది జగ్గరాయుడు, మధుర, జింజి లెక్కలు ఓడలేదు కదా.

1616 చివరికి రెండు పక్షాలూ తిరుచిరాపల్లి మైదానాలకి చేరాయి. పది లక్షలమంది సైనికులు కూడారని బరాదాస్ రాశాడు. అంతమందికి తిండీ నీళ్లూ సరఫరా చేయడం ఆ రోజుల్లో అయ్యే పని కాదు, కాబట్టి "లెక్కపెట్టలేనంతమంది" అని చదువుకుంటే సరిపోతుంది. జగ్గరాయుడి పక్షం వెనక్కి తగ్గుతూ కావేరి ఆనకట్టని తెగ్గొట్టింది, యాచమనాయుడు, రఘునాథుడు కలవకుండా నీళ్లు అడ్డం పెట్టడానికి. ఒక్క క్షణం దీని గురించి ఆలోచించండి. తంజావూరు సీమ మొత్తం ఆ నీళ్ల మీద బతుకుతుంది. కావేరి కట్ట తెగడమంటే సైన్యానికి అడ్డంకి మాత్రమే కాదు, దిగువన కాలవల కింద ప్రతి మడికీ దెబ్బే. ఎవరు రాజు కావాలన్న గొడవలో ఆ రైతుల్ని అడిగినవాళ్లు లేరు. రఘునాథుడు ఆ కట్టని మళ్లీ కట్టించాడని తంజావూరు కావ్యాల్లో ఉంది, యుద్ధం మధ్యలో ఆ పని చేసి ఉంటే అతని విజయాలన్నిటిలోకీ నేను దాన్నే ముందు పెడతాను.

పెద్ద ఆనకట్టకి దగ్గర్లో తోపూరు దగ్గర యుద్ధం జరిగింది. జగ్గరాయుడు రంగంలోనే చనిపోయాడు. అతని పక్షం చెల్లాచెదురైంది, జింజి నాయకుడికి జింజి తప్ప మిగతా కోటలన్నీ పోయాయి, పట్టాభిషేకం చేయించుకున్న ఆ కుర్రాడు పట్టుబడ్డాడు. బరాదాస్ ఉత్తరంలో అతనికి పేరు కూడా లేదు. పుట్టుక ఏదైనా, ఎవరో తెచ్చి రాజకుమారుడన్నారు, ఎవరో నగరులో దాచారు, ఎవరో గద్దె మీద కూర్చోబెట్టారు. అతను చేసిన నేరం ఏంటో నాకు ఎంత వెతికినా కనపడదు. గెలుపు ఘనత ఎవరిదన్న దగ్గర మాత్రం రెండు కథలున్నాయి. వెలుగోటివారి వంశావళి యాచమనాయుణ్ణి ముందు నిలబెడుతుంది. తంజావూరు ఆస్థానంలో రామభద్రాంబ సంస్కృతంలో రాసిన కావ్యం రఘునాథుణ్ణి ముందు నిలబెడుతుంది. ఎవరి ఆస్థానం వాళ్లది. ఈ రోజుల్లో కులాల వారీగా వీరగాథలు పంచుకునేటప్పుడు ఈ సంగతి కాస్త గుర్తుంచుకోవాలి. జగ్గరాయుడు గెలిచి ఉంటే గొబ్బూరివారి కొలువులోనూ ఒక కావ్యం పుట్టి ఉండేది, అందులో చిన్న రాజు అసలైన వారసుడు, యాచమనాయుడు రాజద్రోహి.

రఘునాథుడు రామదేవరాయలికి కుంభకోణంలో పట్టం కట్టాడు. ఒక రాయలు తన రాజధానిలో కాకుండా సామంతుడి ఊళ్లో, సామంతుడి చేతుల మీదుగా కిరీటం పెట్టుకోవడం అంటే చిన్న విషయం కాదు. ఆ రోజు నుంచి ఎవరు ఎవరికి లోకువో అందరికీ అర్థమైంది. జగ్గరాయుడి తమ్ముడు యతిరాజు మరికొన్నాళ్లు పోరాడాడు. చివరికి 1619 ప్రాంతంలో రాజీ ఎలా కుదిరిందంటే రామదేవరాయలు ఆ యతిరాజు కూతుర్ని పెళ్లి చేసుకున్నాడు. తన తల్లిదండ్రుల్ని, తోబుట్టువుల్ని చంపించినవాడి తమ్ముడి కూతురు ఆ అమ్మాయి. రాజనీతిగా చూస్తే తెలివైన పనే, యుద్ధం ఆగింది. కానీ తన కోసం ప్రాణం ఒడ్డిన యాచమనాయుడికీ రాజుకీ మధ్య దూరం పెరిగింది, ఇద్దరూ ఎదురెదురు పక్షాలయ్యే దాకా వెళ్లింది. గొబ్బూరివారు మళ్లీ కొలువులోకి వచ్చారు, యాచమనాయుడు బయటికి పోయాడు. ఇంత రక్తం పారింది దేనికి అని అడగాలనిపిస్తుంది.

వెల్లూరు ఈ గొడవల్లో ఉండగా ఉత్తరాన కాపలా లేకుండా పోయింది. 1624లో కర్నూలు బీజాపూర్ చేతికి చిక్కింది. తూర్పు తీరంలో పులికాట్ దగ్గర డచ్చివాళ్లు అప్పటికే, 1613 కల్లా, కోట కట్టుకుని ఉన్నారు. 1620లో డేన్లు (డెన్మార్క్‌వాళ్లు) వచ్చి రఘునాథుడితో నేరుగా ఒప్పందం చేసుకుని తరంగంబాడిలో దిగారు.

రామదేవరాయలు 1632 ప్రాంతంలో కొడుకుల్లేకుండానే చనిపోయాడు, అళియ రామరాయల మనవడు పెద వెంకటరాయల్ని వారసుడిగా చెప్పి. మళ్లీ అదే కథ. చిన్నాన్న వరసైన తిమ్మరాజు గద్దె లాక్కున్నాడు, అసలు వారసుడు ఆనెగొందిలో కూర్చోవాల్సి వచ్చింది. మళ్లీ నాయకులు పక్షాలు కట్టారు, మూడేళ్లకి జింజి నాయకుడి చేతిలో తిమ్మరాజు చచ్చాక గానీ సద్దుమణగలేదు. అంటే ఇప్పుడు రాజు ఎవరో తేల్చేది జింజి. తర్వాత 1638లో పెద వెంకటరాయల సోదరుడి కొడుకు, ఇంకో శ్రీరంగ, ఏకంగా బీజాపూర్ సైన్యాన్నే వెంటబెట్టుకొచ్చాడు. 1614లో తగాదా ఎంత ఘోరంగా సాగినా సుల్తానుల్ని ఇంట్లోకి పిలవలేదు, పాతికేళ్లలో ఆ గీత కూడా చెరిగిపోయింది. ఈ సందట్లోనే 1639లో, యాచమనాయుడికి దగ్గర చుట్టాలైన దామెర్లవారి వెంకటప్ప నాయకుడు సముద్రపు ఒడ్డున ఒక ఇసుక నేలని ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చాడు. తన తండ్రి చెన్నప్ప పేరు మీద అక్కడ పట్నం వెలిసింది, చెన్నపట్నం.

1642లో పెద వెంకటరాయలు చిత్తూరు వైపు అడవుల్లో తలదాచుకుని చనిపోయాడు. బీజాపూర్‌ని వెంటబెట్టుకొచ్చిన ఆ శ్రీరంగే మూడో శ్రీరంగరాయలుగా గద్దెనెక్కి, అప్పుడు మాత్రం నిజంగా రాజ్యాన్ని నిలబెట్టాలని చూశాడు. నాయకుల్ని దారికి తేబోయాడు. ఈసారి మధుర తిరుమల నాయకుడు గోల్కొండని రమ్మన్నాడు. 1646లో వెల్లూరు దగ్గర గోల్కొండ సేనాపతి మీర్ జుమ్లా సైన్యం ముందు శ్రీరంగరాయలు ఓడిపోయాడు, ఆ తర్వాత మైసూరులో కొన్నాళ్లు, బెదనూరులో కొన్నాళ్లు ఆశ్రయం వెతుక్కుంటూ తిరిగాడు. మూడేళ్లు తిరక్కుండా జింజి బీజాపూర్ పాలైంది. తంజావూరు నాయకుల్ని 1673లో మధుర నాయకులే తుడిచిపెట్టారు, ఆ మధురకి కూడా తంజావూరు మిగల్లేదు, ఒకట్రెండేళ్లలో శివాజీ సవతి తమ్ముడు ఏకోజీ భోంస్లే వచ్చి అక్కడ కూర్చున్నాడు.